తలమీది పెచ్చులు, ఆముదం గిన్నె: మన షోలాపూర్ ఇళ్ళలో పసిబిడ్డల నీళ్ళు



ఈసారి మగ్గాల చరిత్ర కాదు, మిల్లుల సంగతి కూడా కొంచెమే. పసిబిడ్డలకు నీళ్ళు పోయడం గురించి రాస్తున్నాం. ఇది ఆడవాళ్ళ ముచ్చట అని మగవాళ్ళు పక్కకు పెట్టకండి. పోయిన ఎండాకాలం మా ఇంట్లో జరిగినదాంట్లో తప్పు ఎక్కువగా మగవాళ్ళదే, అంటే మాదే.

మా తమ్ముని కోడలు పుట్టినిల్లు సిరిసిల్ల. రెండో కాన్పు షోలాపూర్‌లోనే అయింది, ఆడబిడ్డ. ఆరు వారాలు నిండేసరికి బిడ్డ మాడు మీద, కనుబొమ్మల మీద పసుప్పచ్చగా, ఎండిన మైనం అంటించినట్టు పెచ్చులు కట్టాయి. మోకాళ్ళ దగ్గర, చీలమండల దగ్గర చర్మం పొడిబారి పొట్టు లేస్తోంది. బిడ్డకు మాత్రం ఏ బాధా లేదు. పాలు తాగుతోంది, నిద్రపోతోంది. డాక్టరమ్మ చూసి, ఇది దానంతట అదే పోతుంది, గీకకండి అని చెప్పింది. ఆ మాట కోడలు ఇంట్లో చెప్పింది. మేము వినలేదు. పూర్వభాగంలో మూడు తరాల పిల్లలకు నీళ్ళు పోసిన మా పెద్దమ్మను మా స్కూటర్ మీదే కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాం.

పెద్దమ్మ రాత్రి తలనిండా ఆముదం పట్టించింది. పొద్దున్నే శనగపిండితో రుద్ది, కొబ్బరిపీచుతో తోమి, ఊడిరాని పెచ్చులను గోటితో లేపింది. "అత్తమ్మా, గీకొద్దన్నరు" అని కోడలు రెండుసార్లు అన్నది. "పథ్యం సక్కగ చెయ్యకపోతె గిట్లనే అయితది బిడ్డా" అని ఆమెకే జవాబు వచ్చింది. మూడో రోజుకు తల ఎర్రగా పుండై, చీము పట్టి, జ్వరం వచ్చింది. అయిదు రోజులు ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. బిడ్డ ఇప్పుడు బాగుంది. కోడలు మాత్రం ఆస్పత్రి నుంచి నేరుగా సిరిసిల్ల పోయింది.

ఆ అయిదు రోజులు వరండాలో కూర్చుని మేము ఒకటే ఆలోచించాం. పెద్దమ్మ చెయ్యి చెడ్డది కాదు, ఆ చేతి కింద పెరిగినవాళ్ళమే మేమంతా. మరి ఈ పద్ధతి మన ఇళ్ళకు ఎట్లా వచ్చింది, మధ్యలో ఎక్కడ మారింది, ఇందులో ఏది ఉంచుకోవాలి? అప్పటినుంచి చదివినవీ, మన ముసలమ్మలను అడిగి తెలుసుకున్నవీ కలిపి ఇది రాస్తున్నాం.

మొదట నీళ్ళ తతంగం చెప్పుకుందాం, ఎందుకంటే మన పిల్లల్లో చాలామంది దీన్ని చూడలేదు. బంబలో నీళ్ళు కాగుతుండేవి. నీళ్ళు పోసే అవ్వ చిన్న పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపి, రెండు కాళ్ళు చాపి, వాటి నడుమ బిడ్డను పడుకోబెట్టేది. మొదట ఆముదం. మాడు మీద చేతినిండా పెట్టి అరచేత్తో మెత్తగా అద్దేది, కొట్టేది కాదు. తర్వాత ఛాతీ, చేతులు, కాళ్ళు, బోర్లా వేసి వీపు. కుడిచేయి ఎడమకాలు కలిపి, ఎడమచేయి కుడికాలు కలిపి సాగదీసేది. ఆపైన పెసరపిండి నలుగు. వెంట్రుకలు రాలాలని గోధుమపిండి ముద్దతో వీపు మీద దొర్లించేవాళ్ళు కొందరు. తర్వాత బిడ్డ గుక్కపట్టేదాకా వేడినీళ్ళు. చివర సాంబ్రాణి పొగ, కాటుక, దిష్టిచుక్క. పొత్తిగుడ్డలో బిగించి చుడితే బిడ్డ మూడు గంటలు లేచేది కాదు. ఆ నిద్రనే అందరూ "నీళ్ళు సక్కగ పడ్డయి" అనేవాళ్ళు.

ఇరవై ఒకటో రోజున తొట్లెల వేసినప్పుడు ఆ అవ్వకు చీర, రవికె, బియ్యం పెట్టి దండం పెట్టేవాళ్ళం. జీతం అనే మాట వాడేవాళ్ళు కాదు.

మాటలు కూడా చూడండి. ఇంట్లో మనం ఆముదం అంటాం, బజారుకు పోతే ఎరండేల్ అని అడుగుతాం. వసకొమ్ము మనకు వస, కిరాణా కొట్టులో వేఖండ్. ఈ తలమీది పెచ్చులకు మన ముసలమ్మలు కూడా చాలామంది మరాఠీ మాటే వాడుతున్నారు, ఖపలీ అని. మన సంఘాల మహాసభలకు వచ్చే హొసూరు బంధువులు ఆముదాన్ని విళక్కెణ్ణె అంటారు, అంటే దీపపు నూనె. వసను వసంబు అంటారు. బెంగళూరు వాళ్ళకు ఆముదం హరళెణ్ణె, వస బజె. కొనే మాట ఊరిదయింది, చేసే పద్ధతి మాత్రం ఎక్కడికి పోయినా మనదే: కాళ్ళ మీద బిడ్డ, మాడు మీద ఆముదం.

మాడు మీద ఆముదమే ఎందుకు? బిడ్డ పుట్టగానే తలకు చమురు పెట్టడం మన దగ్గర చాలా పాతది. సుశ్రుత సంహిత శారీరస్థానంలో, పుట్టిన బిడ్డ నోటిని సైంధవలవణం, నెయ్యితో శుభ్రం చేసి, నెయ్యిలో తడిపిన దూదిని తలమీద పెట్టమని ఉంది. ఒంటికి బలాతైలం రాయమని ఉంది. అందులో ఎక్కడా గోటితో గీకమని మాకు కనబడలేదు. నెయ్యి, బలాతైలం కలిగిన ఇళ్ళ వస్తువులు. మన తాతముత్తాతలు వచ్చిన కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చల్కా నేలల్లో పండేది ఆముదాలు. దీపానికీ అదే, బండి ఇరుసుకూ అదే, కడుపు జాడించడానికీ అదే. నెయ్యి చేసే పని ఆముదానికి వచ్చి ఉంటుందని మా ఊహ. పేద ఇంట్లో దొరికే చిక్కని చమురు అదొక్కటే కదా.

ఆ ఆముదం ఇప్పటి సీసా ఆముదం కాదు. దాన్ని వంటాముదం అనేవాళ్ళు. గింజలు దోరగా వేయించి, రోట్లో దంచి, నీళ్ళు పోసి గంటలకొద్దీ ఉడికిస్తే పైన తేలే నూనెను గరిటెతో తీసి, మళ్ళీ కాచి నీరంతా ఇంకించేవాళ్ళు. వాసన ఘాటుగా ఉండేది. ఇది చేయడానికి పెరడు కావాలి, కట్టెలు కావాలి, ఒక పూట తీరిక కావాలి. షోలాపూర్‌కు వచ్చాక మన ఆడవాళ్ళకు ఈ మూడూ లేకుండా పోయాయి.

1876 నుంచి 1878 దాకా దక్కన్‌ను కరువు పట్టి పీడించింది. షోలాపూర్‌లో మొదటి నూలుమిల్లు, మన పెద్దవాళ్ళు జూనీ మిల్ అని పిలిచేది, 1877లో మొదలైంది. అంతకుముందు కూడా మన నేతగాళ్ళు వచ్చారు, ఆ తర్వాత ఇంకా ఎక్కువగా వచ్చారు. ఒక్క గదిలో మగ్గం గుంట, పొయ్యి, తొట్లె. ఆడవాళ్ళు కండెలు చుట్టారు, మిల్లుల్లో చేరారు, తర్వాత తరంలో బీడీలు చుట్టారు. బాలింత ఎన్ని రోజులు ఇంట్లో ఉండగలదన్నది కూలి లెక్క అయింది. మిల్లు ఆడవాళ్ళకు ప్రసూతి భత్యం ఇవ్వాలని బొంబాయి ప్రభుత్వం చట్టం చేసింది 1929లో. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది, అది కూడా కొద్ది వారాలకే. తల్లి పనికి పోతే పసిగుడ్డు పక్కింటి అవ్వ చేతికి. బొంబాయిలో మిల్లు తల్లులు బాలగోళీ పేరుతో నల్లమందు వేసి పిల్లలను నిద్రపుచ్చి పనికి పోయేవాళ్ళని ఆనాటి విచారణల్లో రాశారు. చదివి వాళ్ళను తిట్టుకునే ముందు, పది గంటలు సాంచెల దగ్గర నిలబడ్డ ఆ కాళ్ళను తలుచుకోండి.

ఇక్కడే పద్ధతి మారిందని మాకు అనిపిస్తోంది. ఇది మా అంచనా మాత్రమే, రుజువు అడిగితే చూపలేం. పల్లెలో అమ్మమ్మ ఒక్క బిడ్డకు తీరికగా గంటసేపు చేసే పనిని, ఇక్కడ ఒక అవ్వ పొద్దున్నే నాలుగైదు ఇళ్ళు తిరిగి చేయాలి. మా పెద్దమ్మే చెప్పింది: "ఆ దినాల్ల పొద్దుగాల ఆరింటికి బయలెల్లితె తొమ్మిదింటికి అయిదు ఇండ్లు. మిల్లు భోంగ మోగెటాల్లకు తల్లులు పోవాలె గద." ఆముదం మాడు మీద నానడానికి ఆగే సమయం లేదు, కాబట్టి రాత్రే పట్టించి ఉంచమనడం. నానని పెచ్చును మెత్తగా దువ్వి తీసే తీరిక లేదు, కాబట్టి పీచు, గోరు. వంటాముదం పోయి సీసా ఆముదం. పెసరపిండి ఖరీదైనప్పుడు, ఇక్కడ ఇంటింటా ఉండే శనగపిండి. చేతుల సంగతి ఇంకొకటి. బీడీలు చుట్టే చేతికి తంబాకు ఘాటు ఉంటుంది, కడిగినా తొందరగా పోదు. అదే చెయ్యి బిడ్డ ఒంటి మీద. మన ఇళ్ళలో పొడిబారి ఎర్రబడ్డ బుగ్గలకు తంబాకు చేతులు ఎంత కారణమో ఎవరూ లెక్క రాయలేదు.

పుట్టువెంట్రుకల మొక్కు కూడా దీంట్లో కలిసింది. వేములవాడ రాజన్నకో, తిరుపతికో మొక్కి, అప్పటిదాకా కత్తెర తగలనీయం. మంచిదే, మా ఇంట్లో కూడా ఆ మొక్కే. కానీ దువ్వెన కూడా తగలొద్దు, సబ్బు కూడా తగలొద్దు అని ఎవరో కలిపారు. జుట్టు కింద పెచ్చులు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాక తెలుస్తుంది. దేవునికి ఇచ్చేది వెంట్రుకలు, కింది మురికి కాదు కదా.

ఇప్పుడు అసలు జబ్బు సంగతి. దీన్ని జబ్బు అనడం కూడా ఎక్కువే. పుట్టిన కొన్ని వారాలకు వస్తుంది, నెలల్లో పోతుంది, చాలామందిలో ఏడాది లోపే. అంటుకోదు. మామూలుగా దురద ఉండదు. బిడ్డకు లేని బాధ ఇంట్లోవాళ్ళకు ఉంటుంది. తల్లి కడుపులో ఉండగా అందిన హార్మోన్ల ప్రభావంతో బిడ్డ చర్మంలో జిడ్డుగ్రంథులు కొన్నాళ్ళు ఎక్కువ పనిచేస్తాయని, ఆ జిడ్డు మీద బతికే ఒక సూక్ష్మమైన బూజు దీనికి తోడవుతుందని వైద్యుల అంచనా. ఆ బూజు పేరు మలసేజియా. 1874లో ఫ్రాన్స్‌లో మలసే అనే వైద్యుడు చుండ్రు పొట్టులో దాన్ని గమనించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. అది మనందరి తలమీద ఉండేదే, ఎక్కడినుంచో వచ్చి పడింది కాదు. జిడ్డు, పొట్టు కలిసిన ఈ రకం చర్మవ్యాధిని 1887లో హాంబర్గ్‌లో ఉన్నా అనే చర్మవైద్యుడు విడిగా వర్ణించాడు.

తల్లిని నిందించడం మన ముసలమ్మలకే పరిమితం కాదు. 1908లో వియన్నాలో లైనర్ అనే పిల్లల వైద్యుడు ఒళ్ళంతా ఎర్రబారి పొట్టు రాలే ఒక తీవ్రమైన రూపం గురించి రాశాడు. దానికి పెట్టిన పేరులోనే, ఇది తల్లిపాలు తాగే పిల్లల చర్మవ్యాధి అని చేర్చాడు. పెద్ద నగరంలో పెద్ద డాక్టరు చూపు కూడా మొదట తల్లి రొమ్ము వైపే పోయిందన్నమాట. మన దగ్గర అయితే వంకాయ తిన్నది, పచ్చిమిరప తిన్నది, పథ్యం తప్పింది. తల్లి తినే కూరకూ ఈ పెచ్చులకూ సంబంధం లేదు. మురికికీ సంబంధం లేదు. ఈ ఒక్క మాట మన ఇళ్ళలో పాతుకుంటే చాలు, మిగతా వ్యాసం మరిచిపోయినా ఫరవాలేదు.

ఇక నూనెల సంగతి. దీని మీద మేము ఊహించనంత పరిశోధన జరిగింది, అందులో ఒకటి మన పక్కనే పుణేలో. అక్కడి కె.ఇ.ఎమ్. ఆస్పత్రి వాళ్ళు 120 మంది పసికందుల మీద చేసిన పరిశీలనను 2005లో ప్రకటించారు. కొందరికి కుసుమనూనె, మనం బజారులో కరడీ తేల్ అంటామే అది, కొందరికి కొబ్బరినూనె, కొందరికి ఏదీ లేకుండా, అయిదు రోజులు చూశారు. రాసిన నూనెలోని కొవ్వు ఆమ్లాలు బిడ్డ రక్తంలో కనబడ్డాయి. అంటే పసిబిడ్డకు ఒంటికి రాసేది కొంత లోపలికి పోతుంది. తినిపించేదాన్ని ఎంత చూసుకుంటామో రాసేదాన్ని కూడా అంత చూసుకోవాలని మాకు దీంట్లో అర్థమైంది.

అదే సంవత్సరం ఢాకా నుంచి ఇంకొకటి. నెలలు నిండకుండా పుట్టి ఆస్పత్రిలో ఉన్న పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె మెల్లగా రాస్తే, ఆస్పత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని లాన్సెట్ పత్రికలో వచ్చింది. బలహీనమైన చర్మానికి నూనె గోడలా నిలిచింది. ఈ లెక్కన మన అవ్వలు నమ్మింది వట్టి మాట కాదు. అయితే ఏ నూనె అన్నది ముఖ్యం. ఆ పరిశోధకులే అంతకుముందు ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు పైపొర కోలుకోవడాన్ని ఆలస్యం చేశాయి, పొద్దుతిరుగుడు తోడ్పడింది. ఇప్పుడు మన పిల్లల్లో ఉద్యోగాలు బాగున్నవాళ్ళు ఆలివ్ నూనె కొంటున్నారు, ఖరీదైనది మంచిదని. ఒక సంగతి చెబుతాం వినండి. మలసేజియా బూజును ప్రయోగశాలలో పెంచాలంటే దాని మేత పైన పోసేది ఆలివ్ నూనే. అది లేకపోతే బూజు సరిగ్గా పెరగదు, ఎందుకంటే కొవ్వు తనంతట తాను తయారు చేసుకోలేదు. రాత్రంతా తలకు నూనె పట్టించి ఉంచడం ఎందుకు వద్దంటారో అర్థమవుతోంది కదా. పెచ్చును నానబెట్టడానికి నూనె మంచిది, నానిన తర్వాత కడిగేయాలి. ఉంచితే బూజుకు అన్నం పెట్టినట్టే.

వేరుశనగ నూనె గురించి ప్రత్యేకంగా రాయాలి, మనది శేంగా చట్నీ ఊరు కాబట్టి. వంటకు వాడేదాన్నే కాస్త వేడిచేసి బిడ్డకు రాసే ఇళ్ళు మనలో ఉన్నాయి. బ్రిటన్‌లో 2003లో వచ్చిన ఒక పరిశోధన, వేరుశనగ నూనె కలిసిన పూతమందులు ఎర్రబడ్డ చర్మానికి వాడిన పిల్లల్లో తర్వాత వేరుశనగ పడకపోవడం ఎక్కువగా కనబడిందని చెప్పింది. పగిలిన చర్మం గుండా తిండి వస్తువు పోతే ఒళ్ళు దాన్ని శత్రువుగా చూడటం నేర్చుకోవచ్చన్నది వాళ్ళ ఆలోచన. శనగపిండి, పెసరపిండి, గోధుమపిండి ముద్ద కూడా తిండి వస్తువులే కదా అని మేము డాక్టరమ్మను అడిగాం. "రాపిడి ఒక్కటే చాలు వద్దనడానికి, ఆరు నెలల లోపు పిండి ఏదీ వద్దు" అని చెప్పింది. నలుగు పెళ్ళికూతురికి పెట్టుకుందాం, పసిగుడ్డుకు వద్దు.

అట్లాగని నూనె రాస్తే చర్మవ్యాధులే రావని కూడా కాదు. రోజూ పూత రాసి పిల్లలకు ఎగ్జిమా రాకుండా ఆపవచ్చా అని బ్రిటన్‌లో వేయిమందికి పైగా పసిపిల్లల మీద చూశారు, ఆపలేమని 2020లో తేలింది. పొడిబారిన చర్మానికి మెత్తదనం ఇస్తుంది, అంతవరకే.

ఇప్పుడు మా ఇంట్లో, మా చుట్టాల ఇళ్ళలో చేస్తున్నది ఇది. డాక్టర్లు చెప్పినదానికీ అవ్వల పద్ధతికీ మధ్య పెద్ద తగాదా లేదని చేస్తూ చేస్తూ తెలిసింది. పుట్టిన మొదటి రోజు నీళ్ళు వద్దు, ఒక్క రోజైనా ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డ ఒంటి మీద వెన్నలా ఉండే తెల్లని జిడ్డును తోమి తీయకూడదు, అది దేవుడు రాసి పంపిన నూనె. మొదటి రెండు మూడు వారాల్లో చేతులు, కాళ్ళు పొట్టు లేవడం మామూలే. తొమ్మిది నెలలు నీళ్ళలో ఉండి వచ్చిన చర్మం అది. నెలలు దాటి పుట్టిన పిల్లలకు ఇంకా ఎక్కువగా లేస్తుంది.

తలమీద పెచ్చులు ఉంటే, నీళ్ళు పోయడానికి పావుగంట ముందు ఒక చెంచాడు కొబ్బరినూనెను పెచ్చుల మీద అద్దుతాం. ఆముదమే కావాలంటే ఆముదం, కానీ అది చిక్కన, కడిగితే తొందరగా పోదు. మాడు కొట్టుకుంటుంటుంది కదా, అక్కడ ఒత్తకూడదు, అయితే భయపడి వదిలేయకూడదు కూడా. చాలా ఇళ్ళలో మాడు ముట్టుకోవడానికి జంకి అక్కడే పెచ్చులు దట్టంగా పేరుకోనిస్తారు. పావుగంట తర్వాత మెత్తటి పిల్లల బ్రష్షుతోనో పాత మల్లు గుడ్డతోనో ఒకవైపుగా మెల్లగా అనాలి. వచ్చిందే వచ్చింది. రానిదాన్ని రేపటికి వదిలేయాలి. పసిపిల్లల షాంపూ చుక్కతో నూనె పోయేదాకా కడగాలి. వారానికి రెండు మూడుసార్లు చాలు. కొన్ని వారాలు పట్టవచ్చు, తొందర పనికిరాదు.

ఒంటికి వేడినీళ్ళు కాదు, మోచేయి పెడితే వేడీ చలీ తెలియని నీళ్ళు. అయిదు పది నిమిషాలు చాలు. మామూలు సబ్బు క్షారం, బిడ్డ చర్మానికి గట్టిది. మడతల్లో కొంచెం, మిగతా ఒంటికి వట్టి నీళ్ళు. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే నూనె గానీ వాసన లేని పూత గానీ రాయాలి. మన అవ్వలు నీళ్ళకు ముందు రాసేవాళ్ళు, అది మర్దనకు. పొడిబారినదానికి నీళ్ళ తర్వాత రాసేదే నిలుస్తుంది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వద్దే వద్దు, ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. సాంబ్రాణి పొగ దేవుని దగ్గర చాలు. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకు ప్రత్యేకంగా చేతులెత్తి చెబుతున్నాం, బిడ్డను ఎత్తుకునే ముందు సబ్బుతో రెండుసార్లు చేతులు కడగండి, ఆ చీర కొంగును బిడ్డ మొహానికి తగలనీయకండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలి? పెచ్చుల కింద ఎర్రగా ఉండి రసి కారితే, చీము గానీ వాసన గానీ వస్తే, చెవుల వెనక, మెడ మడతల్లో, చంకల్లో పాకితే, బిడ్డ దురదకు నిద్రపోకపోతే, జ్వరం వస్తే, పాలు తాగడం తగ్గితే. బుగ్గలు, మోచేతులు ఎర్రబడి దురద పెడుతుంటే అది వేరే సంగతి కావచ్చు, ఎగ్జిమా అయి ఉండవచ్చు. మెడికల్ షాపులో చుండ్రు షాంపూ, ఎర్రదనానికి ట్యూబు అడిగి తెచ్చి రాయకండి. ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, పసిచర్మం దాన్ని లోపలికి లాగుతుంది. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా తీసుకుపోండి. మేము ఒక రాత్రి ఆగాం.

పెద్దమ్మ గురించి కూడా రాయాలి, లేకపోతే ఆమెకు అన్యాయం అవుతుంది. ఆస్పత్రికి వస్తానని ఆమె రోజూ అడిగింది, మేమే తీసుకుపోలేదు, కోడలి ముఖం చూడలేక. ఈ వ్యాసం కోసం ఆమెను అడుగుతున్నప్పుడు ఒక మాట చెప్పింది. వాళ్ళ అవ్వ నల్లగొండ వైపు నుంచి వచ్చిన మనిషి. ఆమె మాడు మీద ఆముదం అద్ది, పొయ్యి మీద అంబలి కాగేదాకా బిడ్డను అట్లాగే ఒళ్ళో పెట్టుకునేదట. గోరు తగలనిచ్చేది కాదట. "గోరు మేము నేర్సుకున్నదె, టైము లేక" అన్నది పెద్దమ్మ. చెప్పి చాలాసేపు తన చేతులు చూసుకుంది.

అప్పటినుంచి ఆమె ఎవరి బిడ్డకూ నీళ్ళు పోయలేదు. పిలిస్తే కళ్ళు కనబడుతలేవు అంటోంది. పోయిన నెల మేము సిరిసిల్ల పోతున్నామని తెలిసి సంచిలో చిన్న సీసా పెట్టి పంపింది. ఎక్కడినుంచో ఆముదాలు తెప్పించి, ఈ వయసులో తానే వేయించి, దంచి, ఉడికించి తీసిన వంటాముదం. కోడలికి ఇచ్చి ఏమని చెప్పాలి అని అడిగితే, "కాళ్ళకు రాయుమను. తలకు ఆమెకు తెల్సినట్టు చేసుకొమ్మను" అన్నది.

కోడలు సీసా మూత తీసి వాసన చూసి, బిడ్డను ఒళ్ళో వేసుకుని పాదాలకు రాసింది. తల మీద ఇప్పుడు ఒక్క పెచ్చు లేదు, జుట్టు దట్టంగా వచ్చింది. ఎప్పుడు వస్తావని మేము అడగలేదు. వేములవాడలో వెంట్రుకలు తీసేనాటికి పెద్దమ్మను కూడా తీసుకురమ్మని ఆమే చెప్పింది.